ఉపవాసంతో రావలెను

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. మొదట ఏం నేర్చుకోవాలి మేడం అని అడుగుతారు. సూది వేయడం, నరం దొరకబుచ్చుకోవడం, కట్టు కట్టడం ఎలాగూ చేతికి వస్తాయి. చేతితో నేను చేసిన తప్పులు కొన్నే. నోటితో చేసినవే ఎక్కువ, పెద్దవి కూడా అవే. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక మాట గురించి, ఒక గొర్రెల కాపరి కాలు గురించి, కొంతవరకు ఒక కోడిపుంజు గురించి.

మైకు

మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. మా తాత ఉపదేశి, నాన్న మిషన్ బడిలో టీచరు. నాకు మాటలకంటే ముందు కీర్తనలు వచ్చాయని మా అమ్మ చెప్పేది. అందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పీ చెప్పీ నా గొంతు గట్టిపడింది. ఆ గొంతు విని పెద్ద డాక్టరు గారు నాకు ఆరోగ్య సలహాల పని అప్పగించారు. రోజూ ఓపీ మొదలయ్యే ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లకు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పాలి.

ఆసుపత్రిలో మైకు లేదు. మా చర్చి సంఘం మైకు తెచ్చి పెట్టుకున్నాను. అది చేతిలోకి రాగానే నా నాలుక తన అలవాటు దారిన పోయేది. "ప్రియమైన సహోదరీ సహోదరులారా, షుగరు అనునది" అని మొదలుపెట్టేదాన్ని. చివరికి వచ్చేసరికి గొంతు ప్రార్థన ముగింపులో దిగినట్టు దిగేది. ఒకరోజు, "షుగరు ఉన్నవాళ్లు రోజూ పాదాలు కడుక్కుని, వేళ్ల సందులు తుడుచుకుని, అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి" అని ముగించాను. బెంచీలన్నీ "ఆమేన్" అన్నాయి. అందరికంటే గట్టిగా అన్నది ముందు వరసలోని ఖాదర్‌బీ.

"నువ్వెందుకవ్వా ఆమేన్ అంటాండావు?" అన్నాను.

"మేమూ ఆమీన్ అంటాం గదమ్మా. మంచి మాట ఇన్నంక అనకుంటే ఎట్ల?" అంది.

పెద్ద డాక్టరు గారు కోస్తా మనిషి. గదిలోంచి తల బయటపెట్టి, "సిస్టర్ గారూ, ఇది ఓపీయా, ప్రార్థన కూటమా?" అని అడిగారు. నేను సిగ్గుపడలేదు. ఆమేన్ అన్నారంటే అర్థమైందని నమ్మాను. ఆ నమ్మకమే నా మొదటి తప్పు. జనం మర్యాదకు అనే ఆమేన్‌ను అర్థమైందన్న రసీదుగా తీసుకోకండి.

ఆదివారం బడిలో నేను ఏటా తప్పకుండా చెప్పే పాఠం ఒకటుంది. ప్రభువును నేనెరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి పాఠం. అతని యాస విని జనం గుర్తుపడతారు, అతను మూడోసారి బొంకగానే కోడి కూస్తుంది. నల్లబల్ల మీద ఆ కోడి బొమ్మ నేనే గీసేదాన్ని. అది మేకలా ఉందని పిల్లలు నవ్వేవారు. "ఒక్కసారి నిజం చెప్పేస్తే పోయేది కదా పిల్లలూ, ఎందుకు బొంకాడు?" అని నేను వాళ్లను చాలా సులభంగా అడిగేదాన్ని.

గొర్రెల మందు

ఓబయ్యది చిలమకూరు అవతల ఒక పల్లె. యాభై దాటిన మనిషి. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము గొర్రెల వెన్నుల మీదా ఆయన కనుబొమల మీదా ఒకే రంగులో ఉండేది. కుడికాలి చిటికెన వేలి కింద తుమ్మముల్లు గుచ్చుకుని పుండైంది. షుగరు ఉందని ఆయనకు తెలియదు. నొప్పి తెలియలేదు కాబట్టి పుండు సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. వచ్చినప్పుడు పాదం మొత్తం ఊదారంగులో ఉంది.

"ఏంది ఓబన్నా ఈ రంగు?"

"మందే సిస్టరమ్మా. గొర్రెల గిట్టలు పుచ్చితే పూసేది. వాటికి బాగా మానుతాది."

"నువ్వు గొర్రెవా?"

ఆయన భార్య లక్షుమ్మ అందుకుంది. "గొర్రెయితే బాగుండు సిస్టరమ్మా. అదిలిస్తే సెప్పిన మాట ఇనేది."

బైబిలు వాక్యం మనందరినీ గొర్రెలనే పిలుస్తుంది కాబట్టి ఆ చర్చ నేను పొడిగించలేదు.

డాక్టరు గారు పుండు చూశారు, రక్తం చూశారు. మూడు నెలల్లో షుగరు అదుపులోకి రాకపోతే, పుండు మానకపోతే, కాలు తీసేయాల్సి వస్తుందన్నారు. ఎంతవరకు అని ఓబయ్య అడిగితే మోకాలి కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించారు.

"మందెనక నడిసేది ఎట్ల సార్?"

"మంద అమ్మేసి ఇంటి దగ్గర కూర్చోవాలండి."

"ఇంటికాడ ఈయమ్మ ఉంటాదే సార్!"

డాక్టరు గారు కూడా నవ్వారు. బయటికి వచ్చి కట్టు కడుతుంటే మాత్రం ఓబయ్య గొంతు మారింది. "సిస్టరమ్మా, నాకు నడిసేది తప్ప ఇంకేం రాదు. కాలు పోతే నేను పోయినట్లే. నువ్వేం సెప్తే అది సేస్తా. ఒక్క అచ్చరం తప్పను" అన్నాడు.

రోగి మన మాట వినడని నర్సులందరూ మొత్తుకుంటారు. నేనూ మొత్తుకున్నాను. కానీ అక్షరం తప్పకుండా వినే రోగిని చూశాకే నాకు భయమంటే ఏంటో తెలిసింది.

మొదటి వారం "అన్నం బాగా తగ్గించు" అన్నాను. తర్వాతి వారం షుగరు ఇంకా పెరిగింది. "అన్నం తిన్న్యావా?" అని నిలదీశాను. "మెతుకు ముట్టల్యా సిస్టరమ్మా. సంగటే. పూటకు నాలుగు ముద్దలు" అన్నాడు. మా సీమలో అన్నమంటే వరి అన్నమే. రాగిసంగటి సంగటే. ఆ మాట అక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. మైకు పట్టుకుంటే మరిచిపోయేదాన్ని. ముద్ద ఎంత ఉండాలో ఆయన పిడికిలే చూపించి చెప్పాక దారికి వచ్చింది.

తర్వాత ఇన్సులిన్ మొదలైంది. సూది వేయడం చీనీకాయ, అంటే బత్తాయి మీద నేర్పుదామని నేను కాయ తెస్తే లక్షుమ్మ పక్కన పెట్టేసింది.

"రెండు వందల గొర్రెలకు ఏసినదాన్ని, ఈయప్పకు ఏయలేనా?"

అని మొగుడి మెడ తన మోకాళ్ల మధ్య బిగించి పట్టింది. ఆయన కూడా, అలవాటైన పనే అన్నట్టు, తల వంచి ఊరుకున్నాడు. "మెడలో కాదు వదినా, పొట్టలో" అని నేను అరిచాను. ఆమె సూది పట్టిన తీరు మాత్రం మా కొత్త నర్సులకంటే మేలు.

బోర్డు

మా ల్యాబ్ చూసే ఇమాం మంచి పనిమంతుడు. షుగరు పరీక్ష గురువారం పొద్దున. పరగడుపున ఇచ్చే రక్తం కోసం ఇమాం ఓపీ గోడ బోర్డు మీద 'గురువారం ఫాస్టింగ్' అని సుద్దముక్కతో రాసేవాడు. ఆ మాట చూసి జనం ఫాస్టుగా రమ్మన్నారని అర్థం చేసుకున్నారు. తెల్లారకముందే ఆటోలు వచ్చేవి. ఒక పెద్దమనిషి బస్‌స్టాండు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ల్యాబ్ గడప మీద రొప్పుతూ కూలబడి, "ఆలీసం కాలేదు గదా?" అన్నాడు. దారిలో తినేందుకు దోశలు మూట కట్టుకున్నాడు. తినేశాడు కూడా.

నేను ఇమాంను కోప్పడ్డాను. మన జనానికి ఇంగ్లీషు ఎందుకు, శుద్ధమైన తెలుగులో రాయాలి అన్నాను. బోర్డు తుడిచి నా చేతితో రాశాను:

'రక్తపరీక్షకు వచ్చువారు ఉపవాసంతో రావలెను.'

నాకు ఆ వాక్యం చాలా నచ్చింది. మా సంఘంలో ఉపవాసమన్న మాటకు ఒకటే అర్థం. తినకుండా ఉండడం, దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉండడం. ఇంతకంటే స్పష్టమైన మాట తెలుగులో లేదనుకున్నాను. నా 'వ'కు చివర ఒక తోక ఉంటుంది, చిన్నప్పటి నుంచి. ఆ తోకలు బోర్డు మీద అందంగా వచ్చాయి.

ఆ గురువారమే మా సంఘం స్త్రీలు పదకొండు మంది వచ్చారు. వాళ్లలో షుగరు ఉన్నది ఒక్క రాహేలమ్మకే. మిగతా పదిమంది ఆమెకు తోడుగా ఉపవాసం పట్టారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే ఎవరూ ముద్ద ముట్టలేదు. ల్యాబ్ గుమ్మంలో మోకరించి పాట అందుకున్నారు. "అక్కా, రక్తం తీయాల, కొంచెం జరగమను" అని ఇమాం నన్ను బతిమాలాడు. రక్తం తీశాక రాహేలమ్మకు ఇడ్లీ పెట్టబోతే, సాయంత్రం వరకు కూటం ముగియదు అంది. మాత్ర వేసుకుని తినకుంటే పడిపోతావని నేను ఆమెతో పోట్లాడాల్సి వచ్చింది. ప్రార్థన నాకు ఊపిరి. అయినా ప్రార్థన పేరు చెప్పి, మాత్ర వేసుకుని తిండి మానేసేవాళ్లతో నేను ఉద్యోగం పొడుగునా తగువాడాను. దేవుడు వైద్యుణ్ణి ఊరికే పుట్టించలేదు.

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను మాత్రం సంఘాన్ని చూసి లోలోపల మురిసిపోయాను.

వాళ్ల వెనక వరసలో ఓబయ్య నిలబడి ఉన్నాడు.

నిష్ఠగా

ఓబయ్య షుగరు మూడు వందలు దాటింది. డాక్టరు గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు. ఇది పరగడుపు లెక్క. పరగడుపునే ఇంత ఉంటే కాలు నిలవదు. అందుకే జాగ్రత్తగా మూడు ప్రశ్నలు అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"ఉపవాసం ఉన్నారా?"

"ఉన్న్యా సార్, నిష్ఠగా."

"టిఫిన్ ఏమన్నా చేశారా?"

"లేదు సార్."

"అన్నం గానీ, సంగటి గానీ?"

"ముట్టల్యా సార్. కావాలంటే ఈయమ్మను అడుగు."

"ముట్టల్యా సార్" అంది లక్షుమ్మ.

డాక్టరు గారు ఇన్సులిన్ ఇంచుమించు రెట్టింపు చేశారు. చీటీ మీద కొత్త మోతాదు నేనే రాసి ఇచ్చాను. ఓబయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు.

ఆదివారం శ్రీరామనవమి. ఆ పొద్దున సూది వేయించుకుని, పిడికెడు ముద్ద తిని, ఓబయ్య ఫ్యాక్టరీ అవతలి బీడు భూముల్లోకి మందను తోలుకుపోయాడు. తర్వాత జరిగింది లక్షుమ్మ మంగళవారం ఓపీలో అందరి ముందు చెప్పింది. ఆమె చంకలో ఒక ఎర్ర కోడిపుంజు ఉంది. మొగుడికి గండం గడిచినందుకు గంగమ్మకు మొక్కుకున్న పుంజు. ఆసుపత్రిలో చూపించుకుని అటే గుడికి పోవాలని వచ్చారు.

"గుళ్లో పానకం పోస్తాంటే చెంబు నిండా పట్టుకోని ఈయప్పకు ఇచ్చొద్దామని పోయినా సార్. పోయి చూస్తే ఏముంది! ఒళ్లంతా సెమట. సేతులు వణుకుతాండాయి. ఒగ గొర్రె మెడ కావలించుకోని, 'అత్తా, అత్తా, నన్ను మన్నించు' అని ఏడుస్తాండాడు."

"నాకు గెవనం లేదు సార్" అన్నాడు ఓబయ్య.

"మా యమ్మ బతికుండంగ ఒక్కనాడు అట్ల పిలవల్యా, గొర్రెను పిలిచినాడు! గాలి సోకిందనుకుంటి. రాముని తీర్థం కదా, దిగిపోతాదని పానకం పట్టిస్తి. గుక్క గుక్క తాగె. చెంబు అయిపొయ్యేసరికి నన్ను చూసి, 'ఏమే, ఈడికెందుకొచ్చినావు?' అనె. నా మొగుడు నాకొచ్చినాడని తెలిసిపోయె."

బెంచీలన్నీ నవ్వాయి. డాక్టరు గారు నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు. చెమట, వణుకు, మాట తడబాటు, బెల్లం నీళ్లతో తేరుకోవడం. ఓబయ్యకు ఏం జరిగిందో మా ఇద్దరికీ అర్థమైంది. షుగరు పడిపోయింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ మనిషి బీడులోనే పోయేవాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆయన మింగగలిగే స్థితిలో ఉన్నాడు కాబట్టి పానకం పని చేసింది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి.

ఇంకో మాట కూడా. ఆ ఆదివారం ఉదయం నేను ఆరాధనలో నా రోగుల పేర్లు వరసగా చెప్పి ప్రార్థించాను. ఓబయ్య పేరు చెప్పాను. నా ప్రార్థనకు జవాబు రాముని గుళ్లోంచి చెంబుతో వస్తుందని నేను అనుకోలేదు. అది పంపినది ఎవరో నాకు ఏ సందేహమూ లేదు. లక్షుమ్మకూ లేదు. ఆ విషయం మీద మేమిద్దరం ఎప్పుడూ వాదించుకోలేదు.

కోడి

డాక్టరు గారు ఓబయ్య వైపు వంగారు. "పోయిన గురువారం మీరు నిజంగా ఏమీ తినకుండా వచ్చారా?"

"ఉపవాసం ఉన్న్యా అంటి గదా సార్. అరటిపండ్లు ఆరు తిన్న్యా. మా కూతురు పులివెందుల కాడ ఉంటాది, అల్లుడు తోటలోనుంచి గెల పంపినాడు. చెంబెడు పాలు తాగినా. అంతే. ఉపవాసమంటే పండ్లు పాలే గదా. శివరాత్రికీ అట్లే ఉంటా."

ఆయన అబద్ధం చెప్పలేదు. మూడు ప్రశ్నలకూ మూడు నిజాలు చెప్పాడు.

డాక్టరు గారు బోర్డు వైపు తిరిగారు. "ఉపవాసం అని రాసిందెవరు?"

ఆ ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబు ఒక్క మాట. నా నోట్లోంచి వచ్చింది వేరే. "ఎవరో తెలియదు సార్. పాత రాత ఏమో."

ఇమాం ల్యాబ్‌లోంచి రక్తం సీసాలు పట్టుకుని వస్తూ ఆ మాట విన్నాడు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. "అదేందక్కా, నన్ను కోప్పడి నువ్వే కదా రాసింది?"

"నేనా? నేను చెప్పాను గానీ రాయలేదు" అన్నాను. మైకులో ఏళ్ల తరబడి మాట్లాడిన గొంతు చీమ గొంతైంది.

అప్పుడు లక్షుమ్మ బోర్డు దగ్గరికి పోయి నిలబడింది. ఆమెకు చదువు రాదు. తల ఒక పక్కకు వంచి అక్షరాలు చూసింది. కొంగులోంచి నేను రాసిచ్చిన చీటీ తీసి దాన్నీ చూసింది.

"ఇది సిస్టరమ్మ రాతే సార్. ఇదో, ఈ గుండ్రానికి తోక ఉండాది చూడు, చీటీలోనూ అదే తోక. సదువు రాకుంటే ఏంది, వెయ్యి గొర్రెల్లో మా గొర్రె చెవి గాటు గుర్తుపట్టేదాన్ని."

"అలాంటి రాత చాలామందికి ఉంటుంది వదినా" అన్నాను.

పుంజు కూసింది.

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు, లక్షుమ్మ చంకలో, మెడ సాగదీసి, ఆసుపత్రి అదిరిపోయేలా కూసింది. అందరూ నవ్వారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడుస్తూనే నాకూ నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా బొమ్మ గీసి పిల్లలకు చెబుతున్న పాఠం, మేకలా కాకుండా అచ్చం కోడిలాగే నా ముందుకు వచ్చి కూస్తే నవ్వక ఏం చేయను? ఎందుకు బొంకాడు పిల్లలూ అని అడిగేదాన్ని కదా. ఇందుకు. అందరూ చూస్తుంటారు, పేరు పోతుంది, అంతే. అంతకంటే పెద్ద కారణమేమీ అక్కర్లేదు.

"నేనే రాశాను సార్. మూడుసార్లు బొంకాను" అన్నాను.

డాక్టరు గారు ఓబయ్యను అడిగారు. "నేను టిఫిన్ అని అడిగాను కదా. పండ్లు, పాలు అని ఎందుకు చెప్పలేదు?"

"టిఫిన్ అంటే ఇడ్లీ, దోశ గదా సార్. మాకు యాడియ్యి?"

"అయితే తప్పు నాది కూడా సిస్టర్" అన్నారు డాక్టరు గారు, రోగులందరి ముందు. నా ఉద్యోగంలో నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. రోగి ముందు నర్సును తిట్టినవాళ్లు ఉన్నారు. గదిలోకి పిలిచి తిట్టినవాళ్లు మంచివాళ్లు. తప్పులో వాటా అడిగి తీసుకున్నది ఈయన ఒక్కరే. ఆయన మాట కరుకు, చెయ్యి కటువు, కాఫీ చల్లబడితే ఊరుకోరు. అయినా ఆయన ఫోటో మా ఇంట్లో ఉంది.

నేను ఓబయ్య దగ్గరికి పోయి చేతులు జోడించాను. ఆయన గాభరాపడ్డాడు.

"ఏంది సిస్టరమ్మా ఇది! నువ్వు సెప్పింది నేను సేసినా. నేను సేసింది నువ్వు అడగల్యా. సరిపాయె."

అంతకంటే మంచి పాఠం నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

తర్వాతి బోర్డులు

మందు మోతాదు ఆ రోజే తగ్గించారు. పుండు మాత్రం వెంటనే మానలేదు. చిటికెన వేలు నల్లబడితే తీసేయాల్సి వచ్చింది. వారానికి రెండుసార్లు ఓబయ్య వచ్చేవాడు. నేను కింద కూర్చుని ఆ పాదం కడిగి కట్టు కట్టేదాన్ని. మైకులో రోజూ పాదాలు కడుక్కోండి అని చెప్పడం వేరు, ఒకే పాదాన్ని నెలల తరబడి కడగడం వేరు. అరికాలి గీతలన్నీ నాకు కంఠతా వచ్చాయి.

బోర్డు గొడవ అంతటితో పోలేదు. ఉపవాసం తుడిచి, జనం మాటలోనే రాద్దామని 'ఒక్కపొద్దుతో రండి' అని రాశాను. మా వైపు ఉపవాసాన్ని ఒక్కపొద్దు అనే అంటారు. ఆ తర్వాతి గురువారం ఒకాయన అడిగాడు. "సిస్టరమ్మా, ఒక్కపొద్దంటే ఒక్క పూట తినేది గదా. నేను పొద్దున పూట తినొచ్చినా. సరిపోతాదా?" ఖాదర్‌బీ మాత్రం రంజాను లెక్కన తెల్లవారుజామున పెరుగన్నం కడుపునిండా తిని, ఆ తర్వాత ఉమ్ము కూడా మింగకుండా వచ్చింది.

అప్పుడు లక్షుమ్మనే అడిగాను, ఏం రాయమంటావు వదినా అని. "లేసినంక నోట్లో ఏమీ ఏసుకోకుండా రా అని రాయి. దీనికేం అర్థం కావాల?" అంది. రాశాను. గురువారం సగం మంది పళ్లు తోముకోకుండా వచ్చారు. పళ్లపొడి నోట్లోనే కదా వేసుకునేది. ఇమాం ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. రాహేలమ్మ కట్టుడు పళ్లు చేతిలో పట్టుకుని వచ్చింది.

అందుకే చివరికి బోర్డును నమ్మడం మానేశాను. మంచి మాట కోసం వెతకడం కూడా మానేశాను. రక్తం తీసే ముందు ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఒకటే అడిగేదాన్ని: "లేచినకాడి నుంచి ఈడికి వచ్చేదాకా ఏమేం చేసినావో వరసగా చెప్పు."

చెప్పేవాళ్లు. లేసినా, గొర్రెలను ఇప్పినా, కోడలితో కొట్లాడినా, కాఫీ తాగినా.

"కాఫీ తాగినావా?"

"కాఫీ ఏమన్నా తిండా సిస్టరమ్మా?"

అలా దొరికేది నిజం. సమయం పట్టేది, వెనక వరస గొణిగేది. మీరు కూడా అలాగే అడగండి. తిన్నావా అని అడిగితే మీ ప్రశ్నకు జవాబు వస్తుంది. ఏం చేశావని అడిగితే ఆ మనిషి పొద్దు మొత్తం వస్తుంది. కావలసింది అందులో ఎక్కడో ఉంటుంది.

పుంజు సంగతి చెప్పలేదు. లక్షుమ్మ దాన్ని ఆ రోజు గుడికి తీసుకుపోలేదు. నిజం పలికించిన పుంజును కోస్తే గంగమ్మ కూడా ఒప్పుకోదు అంది. దానికి బదులు వేరే పుంజు ఇచ్చింది. కట్టుకు వచ్చినప్పుడల్లా ఓబయ్య, "మీ కోడి బాగుండాది సిస్టరమ్మా" అని సమాచారం చెప్పేవాడు.

సభ

నేను పదవీ విరమణ చేసిన రోజు ఓపీ హాల్లోనే సభ పెట్టారు. మా సంఘం మైకే. ఆసుపత్రి కమిటీ పెద్దమనిషి శాలువా కప్పి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన మంచివారే, కానీ కొంచెం ఎక్కువ చెబుతారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు వెనక గుమ్మంలో అలికిడైంది. ఓబయ్య వచ్చాడు. వెనకే లక్షుమ్మ. ఆయన చంకలో ఒక ఎర్ర పుంజు. ఆ పాత పుంజు సంతతి అట, నాకు కానుకగా తెచ్చాడు. కర్ర లేదు. పల్లె నుంచి బస్సు కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచే వచ్చాడని చెప్పులకున్న దుమ్ము చూస్తేనే తెలుస్తోంది.

"ముప్పై నాలుగేళ్ల సేవలో," అన్నారు కమిటీ పెద్దమనిషి మైకులో, "ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్క తప్పు కూడా చేయని సిస్టర్ గారు..."

పుంజు కూసింది.

హాలంతా వెనక్కి తిరిగింది. ఇమాం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను శాలువాలో మొహం దాచుకుని నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఓబయ్య బెదిరిపోయాడు. పుంజును లక్షుమ్మ చేతిలో పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి అందరికీ వినబడేలా అన్నాడు:

"నేను గిల్లల్యా సిస్టరమ్మా. ఒట్టు."

రెండు కాళ్ల మీద, తొమ్మిది వేళ్ల మీద, తిన్నగా నిలబడి ఒట్టు వేశాడు.